కేస్ షీట్‌లో రాయించని మాట

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని అడిగాడు డ్యూటీ డాక్టరు. మా అమ్మాయి కంటే చిన్నవాడు. మంచం పక్కన నిలబడి కేస్ షీట్ నింపుతున్నాడు. మర్నాడు పొద్దున్నే నాకు నడుం ఆపరేషన్.

"బీపీ మాత్ర ఒక్కటే బాబూ" అన్నాను.

మావారు పక్కన స్టూలు మీద కూర్చొని ఉన్నారు. తలెత్తి నా వంక చూశారు. ఏమీ అనొద్దని కళ్ళతోనే చెప్పాను. ఆయన తల దించుకున్నారు. ఆ కుర్రాడు రాసుకొని పక్క మంచం దగ్గరకు వెళ్ళిపోయాడు.

నేను నర్సుని. ముప్ఫై రెండేళ్ళు ప్రభుత్వాస్పత్రి వార్డుల్లో పనిచేసి రిటైరైనదాన్ని. ఆ ప్రశ్న నేనే కొన్ని వేల మందిని అడిగి ఉంటాను. జవాబు చెప్పడానికి నసిగేవాళ్ళను "దాచకమ్మా, దాస్తే రేపు కష్టపడేది నువ్వే" అని గదమాయించేదాన్ని. అలాంటిదాన్ని, నా వంతు వచ్చేసరికి అబద్ధం చెప్పాను. తెలియక చెప్పిన అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు.

అరవై దాటాక నాకు నడక కష్టమైంది. కూరగాయల బజారు మా ఇంటికి దగ్గరే. సగం దూరం వెళ్ళేసరికి రెండు కాళ్ళూ బరువెక్కి, పిక్కలు పట్టేసి, మొద్దుబారిపోయేవి. ఎవరింటి అరుగు మీదో రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గేది. లేచి నడిస్తే మళ్ళీ అదే. ముందుకు వంగి దేన్నయినా పట్టుకొని నడిస్తే మాత్రం కాస్త హాయిగా ఉండేది. ఎంఆర్‌ఐ తీస్తే నడుంలో నాలుగో పూస ఐదో పూస మీద ముందుకు జారిందని, నరాలు వెళ్ళే దారి ఇరుకైపోయిందని తేలింది. మాత్రలు, ఫిజియోథెరపీ, బెల్టు, వెన్నులో ఇంజెక్షన్ అన్నీ అయ్యాయి. ఏడాదిన్నర తర్వాత ఇక ఆపరేషనే దారి అన్నారు. నరాల మీది ఒత్తిడి తీసేసి, పూసలను స్క్రూలతో, రాడ్లతో బిగించి, మధ్యలో ఎముక ముక్కలు పెడతారు. ఆ పూసలు ఒకదానితో ఒకటి అతుక్కొని ఒకే ఎముక కావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అప్పటిదాకా వాటిని కదలకుండా పట్టి ఉంచేది ఆ లోహమే. నాకు నాలుగో పూస నుంచి త్రికాస్థి దాకా ఆరు స్క్రూలు వేయాలన్నారు. త్రికాస్థి అంటే నడుం కింద, పిరుదుల మధ్య ఉండే ముక్కోణపు ఎముక. ఆస్పత్రుల్లో సేక్రమ్ అంటాం. వెన్నెముక మొత్తం దాని మీదే కూర్చుంటుంది.

సర్జన్‌గారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదటిసారి చూపించుకున్నప్పుడే అడిగారు: "ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడైనా చేయించారా సిస్టర్? డెక్సా?"

"చేయించానండీ. బాగానే ఉంది" అన్నాను.

అది నేను ఆడిన మొదటి అబద్ధం. డెక్సా నేను ఎప్పుడూ చేయించుకోలేదు. అంతకు ఆరేళ్ళ ముందు మా ఆస్పత్రిలోనే ఒక మందుల కంపెనీవాళ్ళు ఉచిత శిబిరం పెట్టారు. చిన్న పెట్టెలాంటి యంత్రంలో మడమ పెట్టించి, చూసి, స్లిప్పు ఇచ్చారు. అందులో మైనస్ 2.8 అని ఉంది. మడమ పరీక్ష డెక్సా అంత నికరమైనది కాదు. కానీ ఎముకలు పలచబడ్డాయేమో చూసుకో అని హెచ్చరించడానికి అది చాలు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ప్రకారం డెక్సాలో టీ-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకంటే కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. ఆ స్లిప్పును మడిచి పర్సులో పెట్టుకున్నాను. పర్సు మారినప్పుడు అదీ పోయింది.

ఎందుకు అబద్ధం చెప్పానో కూడా చెప్పాలి. అది 2023 జనవరి. సంక్రాంతి వెళ్ళగానే ఆపరేషన్ అనుకున్నాం. మా అమ్మాయికి మే నెలలో పురుడు. తొలి కాన్పు. ఎముకలు బలహీనంగా ఉన్నాయని తెలిస్తే చాలామంది సర్జన్లు తొందరలేని ఆపరేషన్‌ను కొన్ని నెలలు వాయిదా వేసి, ముందు ఎముకకు బలమిచ్చే మందు మొదలుపెడతారు. అలా అయితే మే నెలలో బిడ్డ పుట్టేసరికి నేను మంచంలో ఉంటాను. అది నాకు ఇష్టం లేదు. పురిటికి వచ్చిన కూతురికి తల్లి చేయాల్సినవన్నీ నా చేత్తో చేయాలి. అన్నిటికంటే, పసిబిడ్డకు స్నానం నేనే చేయించాలి. పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకొని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి... మా అమ్మ నా బిడ్డకు చేసినట్టు. రెండేళ్ళుగా కాళ్ళనొప్పులతో బయటికి వెళ్ళలేక కూర్చున్న నాకు ఆ ఒక్క కోరికే ఉండేది. ఆ కోరిక తప్పనుకోను. దానికోసం నేను దాచినవి తప్పు.

దాచినవాటిలో పెద్దది స్టెరాయిడ్.

నలభై అయిదేళ్ళప్పుడు నాకు ఉబ్బసం మొదలైంది. చలికాలంలో పిల్లికూతలు. నైట్ డ్యూటీలో ఆయాసం వస్తే వార్డు ఎవరు చూస్తారు? ప్రెడ్నిసొలోన్ మాత్ర వేసుకుంటే గంటల్లో ఒళ్ళు తేలికయ్యేది. ఇన్‌హేలర్ వాడమని ఛాతీ డాక్టరు చెప్పారు. ఇన్‌హేలర్ పట్టుకుంటే జబ్బుమనిషి అనుకుంటారని నాకు సిగ్గు. మాత్రయితే ఎవరికీ కనిపించదు. కొన్నాళ్ళకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. ఆ మాత్రతో అవీ తగ్గేవి. రిటైరయ్యాక మందుల షాపులో నేను అడిగితే కాదనేవాళ్ళెవరు? సిస్టరమ్మ కదా. రోజు మార్చి రోజు, బాగా లేనప్పుడు రోజూ, అలా ఏళ్ళు గడిచాయి. చిన్న మాత్ర. రోజుకు 5 మిల్లీగ్రాములే అయినా మూడు నెలలు దాటి వాడితే ఎముకను తినడం మొదలుపెడుతుందని నర్సింగ్ విద్యార్థులకు నేనే చెప్పాను.

పల్లెల్లో ఒళ్ళునొప్పులకు కలిపి ఇచ్చే పొట్లాలు చూశారా? నాలుగు రంగుల మాత్రలుంటాయి. అందులో చిన్నది చాలాసార్లు ఇదే. వేసుకున్న పూటే నొప్పులు పోతాయి. అందుకే ఆ ఆర్‌ఎంపీ హస్తవాసి మంచిదంటారు. నా దగ్గరకు వచ్చిన రోగుల సంచులు దులిపి ఆ పొట్లాలు పారేయించినదాన్ని, నా సంచిలోని అట్టను దిండు కింద పెట్టుకొని ఆపరేషన్‌కు వెళ్ళాను.

ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఆ మాత్ర వాడిన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఆపరేషన్ లాంటి దెబ్బకు శరీరం తట్టుకోలేక బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మత్తు డాక్టరుకు తెలిస్తే ముందే ఇంజెక్షన్ ఇస్తారు. ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. ఆ టేబుల్ మీద ఏమీ జరగలేదు. అది నా అదృష్టం తప్ప ఇంకేమీ కాదు.

రెండోది గర్భసంచి. ముప్ఫై ఆరేళ్ళకే నాకు తీసేశారు, అండాశయాలతో సహా. అది నేను దాచలేదు. ఎవరూ అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు. అండాశయాలు తీస్తే ఆ రోజు నుంచే ఈస్ట్రోజెన్ బాగా పడిపోతుంది. ఎముకకు కాపలా ఉండే హార్మోను అది. మామూలుగా యాభై దగ్గర మొదలయ్యే ఎముకల తరుగు నాకు పద్నాలుగేళ్ళు ముందే మొదలైందన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే మొదటి వరుసలో ఉన్నాయి. అంటే నాలాంటి నడుములు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది" అని తీయించుకున్న వాళ్ళకు ఆ తర్వాత ఎముకల గురించి చెప్పేవాళ్ళు ఎంతమంది?

ఇంకొకటి ఉంది. నా చీర కింద లంగాలు నేలకు జీరాడటం మొదలై అప్పటికి నాలుగైదేళ్ళయింది. ఉతికితే బట్ట సాగిందనుకొని, అంచు రెండు వేళ్ళ వెడల్పు మడిచి కుట్టుకున్నాను. ఇంకో రెండేళ్ళకు మళ్ళీ మడిచాను. సాగింది బట్ట కాదు, తరిగింది నేను. వీపు కాస్త వంగిందని మావారు అంటే, మా నీళ్ళే అంత అన్నాను. మాది కనిగిరి వైపు పల్లె. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బు ఉందని లోకానికి చెప్పింది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. పచ్చబడిన పళ్ళు, వంగిన నడుములు చూస్తూ పెరిగిన వాళ్ళం. అందుకని మా వైపు నడుం వంగితే ఎవరూ డాక్టరు దగ్గరకు వెళ్ళరు, బావి వైపు చెయ్యి చూపిస్తారు. నేనూ అదే చేశాను.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఈ మాట గట్టిగా చెప్పాలి. మర్నాడు నన్ను లేపి నిలబెడితే, రెండేళ్ళుగా నా పిక్కల్లో ఉన్న బరువు లేదు. వార్డు చివరిదాకా వాకర్‌తో నడిచి, గోడ ముట్టుకొని వచ్చాను. ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక ఉదయం, సాయంత్రం వరండాలో నడక. నెల తిరిగేసరికి వాకర్ పక్కన పెట్టేశాను.

ఐదో వారంలో కొత్త నొప్పి మొదలైంది.

పడలేదు, జారలేదు, బరువు ఎత్తలేదు. ఒకరోజు మధ్యాహ్నం పక్కకు ఒత్తిగిల్లబోతే నడుం కిందిభాగంలో, కుడివైపు, గునపం గుచ్చినట్టయింది. వెల్లకిలా కదలకుండా పడుకుంటే తగ్గింది. కమోడ్ మీంచి లేవబోతే మళ్ళీ వచ్చింది. పాత నొప్పి కాళ్ళలోకి పాకేది, నడిస్తే వచ్చేది. ఇది కాళ్ళలోకి పోవడంలేదు. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, పడుకుంటే హాయి. తేడా నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. వార్డులో ఎవరైనా ఇలా చెబితే పరుగున వెళ్ళి డాక్టరును పిలిచేదాన్ని.

నా విషయంలో మాత్రం కుట్టు నొప్పి అనుకున్నాను. కండరం పట్టేసిందనుకున్నాను. నడక తగ్గినందుకు బిగుసుకుందని చెప్పి ఇంకా ఎక్కువ నడిచాను. పళ్ళు బిగబట్టి, వరండాలో రెయిలింగ్ పట్టుకొని, మొదట ఇరవై చుట్లు, తర్వాత ముప్ఫై. పగిలిన ఎముక మీద నడుస్తున్నానని తెలియదు. అమ్మాయి రోజూ ఫోన్ చేసేది.

"ఎలా ఉందమ్మా?"

"నాకేం, గుర్రంలా ఉన్నాను. నువ్వు జాగ్రత్త. మెట్లు ఎక్కకు."

ఆరో వారం తర్వాత చెకప్‌కు వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "నొప్పి ఏమైనా ఉందా?" అని సర్జన్‌గారు అడిగారు. "కొంచెం, మామూలే" అన్నాను. లేచి నిలబడేటప్పుడు మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఓపీలో బయట యాభై మంది ఉన్నారు. బాగుందన్న మనిషి నడుం నొక్కి చూసే తీరిక ఎవరికుంటుంది? ఆయన్ను తప్పుపట్టను. త్రికాస్థి వంపు తిరిగిన ఎముక, దాని ముందు పేగుల్లో గాలి నీడలు అడ్డం వస్తాయి. అక్కడి సన్నటి పగులు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. కనిపించనిదాన్ని వెతకాలంటే రోగి నోరు విప్పాలి.

మార్చి ఆఖర్లో ఒక తెల్లవారుజామున మంచం దిగలేకపోయాను. కాలు కింద పెట్టగానే నడుం రెండుగా విడిపోతున్నట్టు నొప్పి. మావారు భయపడి, నా దగ్గర పని నేర్చుకొని ఇప్పుడు హెడ్ నర్సుగా ఉన్న అమ్మాయికి ఫోన్ చేశారు. ఆ పిల్ల డ్యూటీ దిగి తిన్నగా ఇంటికొచ్చింది. నన్ను పక్కకు తిప్పి, కుట్టు కింద, త్రికాస్థి మీద బొటనవేలితో నొక్కింది. నేను కేక పెట్టాను.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

"నెల."

ఆ పిల్ల ఏమీ అనలేదు. మంచం మీద కూర్చొని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

సీటీ స్కాన్‌లో అంతా బయటపడింది. స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. వాటి కింద త్రికాస్థి పగిలింది. అటొక నిలువు పగులు, ఇటొక నిలువు పగులు, మధ్యలో అడ్డంగా ఒకటి, ఇంగ్లీషు హెచ్ అక్షరంలా. సర్జన్‌గారు ఫిల్మ్ వెలుగులో పెట్టి చూపించారు. దెబ్బ తగలకుండా, మామూలు బరువుకే గుల్లబారిన త్రికాస్థి పగలడాన్ని 1982లో లూరీ అనే అమెరికన్ వైద్యుడు మొదట వివరించారట. ఇలా పూసలు బిగించిన తర్వాత వచ్చేది అరుదు. వచ్చేది ఎక్కువగా వయసు మళ్ళిన ఆడవాళ్ళకు, ఎముకలు గుల్లబారినవాళ్ళకు, ఆపరేషనైన మొదటి కొన్ని వారాల్లో.

ఎందుకలా జరుగుతుందో ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నడుములో పూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. వంగినప్పుడు, లేచినప్పుడు ఒక్కోటీ కాస్త కదిలి, బరువును తలా ఇంత పంచుకుంటాయి. వాటిని రాడ్లతో బిగిస్తే ఆ భాగమంతా ఒక గునపంలా అయిపోతుంది. కదలిక ఎక్కడా లేదు కాబట్టి, పైనుంచి వచ్చే తాకిడంతా గునపం దిగబడిన చోట పడుతుంది. నాకు ఆ చోటు త్రికాస్థి. దాని లోపలంతా స్పాంజిలాంటి ఎముక, పైన గుడ్డుపెంకు లాంటి పొర. ఎముక గట్టిదైతే మోస్తుంది. "చెదలు తిన్న దూలానికి ఇనప పట్టీ వేశామనుకోండి సిస్టర్. పట్టీ విరగదు. పట్టీ అయిపోయిన చోట దూలం విరుగుతుంది" అన్నారు.

అప్పుడు చెప్పాను. మాత్రల సంగతి, గర్భసంచి సంగతి, స్లిప్పు సంగతి, అన్నీ. ఆయన కాసేపు మాట్లాడలేదు. కోప్పడతారని ఎదురుచూశాను. "ఈ మాట జనవరిలో నాకు తెలిసుంటే..." అని ఆగిపోయి, కేస్ షీట్ దగ్గరకు లాక్కొని రాయడం మొదలుపెట్టారు. నా జీవితంలో నన్ను ఎవరూ అంతగా మందలించలేదు.

తుంటి దగ్గర డెక్సా తీశారు. మైనస్ 3.4. నడుములో స్క్రూలుంటే, అరుగుదలతో ఎముక పెరిగి ఉంటే, అక్కడి డెక్సా లెక్క, లేని బలాన్ని చూపిస్తుంది. అందుకే తుంటిని నమ్మాలి. విటమిన్-డి 9 ఉంది. కనీసం 20 ఉండాలి. పైన 12వ వీపు పూస ముందుభాగం ఎప్పుడో కుంగి, ఒకవైపు సన్నబడిన ముక్కలా అయివుంది. నా లంగా అంచు మడతల్లో కొంత అక్కడే ఉంది. ఎత్తు కొలిచారు: 151 సెంటీమీటర్లు. నర్సింగ్‌లో చేరినప్పుడు సర్టిఫికెట్లో 157 అని ఉంది. ఆరు సెంటీమీటర్లు పోయినా నేను సూదీ దారం తీసుకున్నానే గానీ డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు.

పగులు పక్కకు జరగలేదు కాబట్టి మళ్ళీ కోయనక్కర్లేదన్నారు. జరిగి ఉంటే స్క్రూలను కటి ఎముకల దాకా పొడిగించాల్సి వచ్చేది. మూత్రం మీద, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఒక్క గంట కూడా ఆగొద్దని మావారికి రాసిచ్చారు. ఎనిమిది వారాలు మంచం, వాకర్, మళ్ళీ మంచం. రోజూ పొట్ట మీద టెరిపరటైడ్ ఇంజెక్షన్, 20 మైక్రోగ్రాములు, నా చేత్తో నేనే. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఆ ఇంజెక్షన్ పెన్ను ఉండేది. వారానికొకసారి 60,000 యూనిట్ల విటమిన్-డి. స్టెరాయిడ్ మాత్రను ఛాతీ డాక్టరు పద్ధతి ప్రకారం మెల్లమెల్లగా తగ్గించి ఆపారు. ఇలాంటి మందును ఎవరూ సొంతంగా ఒక్కసారి ఆపకూడదు. ఇన్‌హేలర్ మొదలుపెట్టాను. పదిహేడేళ్ళు నేను సిగ్గుపడ్డ ఆ ఇన్‌హేలర్ ఇప్పుడు నా టేబుల్ మీద అందరికీ కనబడేలా ఉంది.

మే రెండోవారంలో మనవరాలు పుట్టింది. పదకొండో రోజు పురిటిస్నానం. వియ్యపురాలు తన ఊరి నుంచి సున్నిపిండి పట్టించుకొని వచ్చింది. నేను గుమ్మంలో ఎత్తుకుర్చీ మీద, వాకర్ ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆవిడ పీట మీద కాళ్ళు చాపుకొని కూర్చొని, బిడ్డను కాళ్ళ మీద వేసుకొని, నా వైపు చూసి, "వదినగారూ, చెంబుతో నీళ్ళు మీరు పోయండి" అంది. వంగకూడదు. మావారు చెంబు నింపి నా చేతికిచ్చారు. కుర్చీలోంచి అందినంత ముందుకు చెయ్యి చాపి పోశాను. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. బిడ్డ కాళ్ళు మాత్రం తడిశాయి. ఆవిడ మంచితనం నేను మరచిపోలేను. ఆ పూట నాకు కలిగిన దుఃఖమూ మరచిపోలేను. మూడు నెలలు ఆపరేషన్ ఆలస్యమైతే ఎక్కడ ఆ స్నానం చేయించలేకపోతానో అని భయపడ్డాను. దాచినందువల్ల సరిగ్గా అదే పోయింది.

ఆ రాత్రి అమ్మాయి నా పక్కన పడుకొని అడిగింది. "గుర్రంలా ఉన్నానన్నావు కదమ్మా ఫోన్‌లో. అప్పుడు చెబితే ఏమయ్యేది?" నా దగ్గర జవాబు లేదు. ఓర్చుకోవడం గొప్ప అనుకుంటూ పెరిగాం. అమ్మమ్మ ఓర్చుకుంది, అమ్మ ఓర్చుకుంది. నొప్పి చెప్పుకుంటే ఇంట్లో పని ఆగుతుందని, పిల్లలు కంగారుపడతారని నోరు కట్టేసుకుంటాం. నా ఓర్పు వల్ల ఆ నెల రోజుల్లో ఎవరికి మేలు జరిగిందో ఎంత వెతికినా నాకు కనబడలేదు. మావారికి నిద్ర లేదు, అమ్మాయికి తల్లి సాయం లేదు, ఎముక పగులు పెరిగింది.

నాలుగు నెలలకు పగులు మానింది. ఏడాదికి పూసలు అతుక్కున్నాయి. టెరిపరటైడ్ రెండేళ్ళు చేసుకున్నాను. ఆ మందు ఆపి ఊరుకుంటే పెరిగిన ఎముక మళ్ళీ కరిగిపోతుంది. అందుకే ఇప్పుడు ఏడాదికోసారి జొలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల డ్రిప్ ఎక్కించుకుంటున్నాను, దానికి ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకొని మరీ. మా వీధిలో కొందరు "నడుం ఆపరేషన్ చేయించుకుంటే ఇంతే" అని నన్ను చూపించి చెబుతున్నారని విన్నాను. అది నిజం కాదు. ఆపరేషన్ నా కాళ్ళు నాకు తిరిగి ఇచ్చింది. ఇవాళ బజారుకు ఎక్కడా ఆగకుండా నడిచి వెళ్ళొస్తున్నాను. నన్ను పడగొట్టింది ఆపరేషన్‌కు ముందు నేను చెప్పని మాటలు, తర్వాత నేను మింగిన నొప్పి.

వారానికి రెండు రోజులు మా వీధి చివర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చుంటున్నాను. జీతం లేదు. నడుంనొప్పి అని వచ్చిన ప్రతి ఆడమనిషినీ చెప్పులు విప్పించి, గోడకు మడమలు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీస్తాను. పెళ్ళినాటికి ఎంత ఎత్తున్నావని అడుగుతాను. చాలామందికి గుర్తుండదు. "లంగాలు పొడుగవుతున్నాయా?" అని అడిగితే మాత్రం గుర్తొస్తుంది. నాలుగు సెంటీమీటర్లు తగ్గారంటే డెక్సాకు రాయమని డాక్టరుగారికి చెబుతాను. గర్భసంచి ఎప్పుడు తీశారు, అండాశయాలు ఉంచారా, సంచిలో ఏ పొట్లాలున్నాయి, అన్నీ అడిగి కాగితం మీద నా చేత్తో రాసి ఇస్తాను. పెద్దాస్పత్రికి వెళ్ళినప్పుడు అడక్కపోయినా ఆ కాగితం తీసి డాక్టరు ముందు పెట్టమంటాను.

మీ అమ్మకో, అత్తకో, అక్కకో నడుం ఆపరేషన్ అనుకుంటున్నారా? ఈ రోజే ఆవిడను గోడకు ఆనించి నిలబెట్టి కొలవండి. ఆవిడ మందుల డబ్బా మీరే ఒకసారి తెరిచి చూడండి. ఆపరేషనైన తర్వాత ఫోన్‌లో "బాగానే ఉన్నాను" అంటే అక్కడితో ఆపకండి. కుర్చీలోంచి లేచేటప్పుడు ఎక్కడ నొప్పి పుడుతోందో వేలు పెట్టి చూపించమని అడగండి.